సముద్రం లేని ఊళ్లో సముద్రపు హైకూ

మా అమ్మాయి ఏడో తరగతి. బడిలో మూడో భాషగా ఫ్రెంచి తీసుకుంది. మొన్న సెలవులకిచ్చిన హోంవర్కులో ఒకటి: సముద్రం మీద ఫ్రెంచిలో మూడు పాదాల హైకూ. “ఇక్కడ సముద్రం ఎక్కడుంది నాన్నా?” అంది. నిజమే. మేముండేది జంషెడ్‌పూర్‌లోని భుయ్యాడీహ్‌లో. సముద్రం ఉన్నది భీమిలిలో, మా అమ్మ దగ్గర. దాని ప్రశ్నకు జవాబు వెతుకుతూ తెలుసుకున్న సంగతులే ఇవి.

హైకూ జపాను కవిత. వరుసగా 5, 7, 5 చొప్పున మొత్తం 17 మాత్రలు. ఒక ఋతువు జాడ, ఒక చిన్న విరుపు ఉండాలి. చూసింది చెప్పి ఊరుకోవాలి. మన వోచరు మీద నెరేషన్ లాంటిదన్న మాట: ఏం జరిగిందో రాస్తాం, ఉపన్యాసం రాయం.

జపానువారి లెక్క మన ఛందస్సుకు దగ్గరగా ఉంటుంది. ‘టోక్యో’ వారికి నాలుగు మాత్రలు. మనకూ రెండు గురువులు, నాలుగు మాత్రలే. ‘సముద్రం’ మూడక్షరాల మాటే గాని, ఒక లఘువు, రెండు గురువులు కలిసి అయిదు మాత్రలు. ఆ ఒక్క మాటతోనే మొదటి పాదం నిండిపోతుంది! జపాను భాషలో సముద్రం ‘ఉమి’, రెండు మాత్రలు. ఫ్రెంచిలో ‘మెర్’, ఒక్క పలుకు. అమ్మ అనే మాటకూ ఫ్రెంచిలో అదే పలుకు, రాతలోనే తేడా.

ఫ్రెంచివారికి హైకూ పరిచయం చేసినవారిలో ముఖ్యుడు పాల్-లూయీ కూషూ. జపాను చూసివచ్చిన ఈయన 1905లో ఇద్దరు స్నేహితులతో కలిసి పడవ మీద కాలువల వెంట ప్రయాణించాడు. ముగ్గురూ దారిలో రాసుకున్న హైకూలను పేర్లు లేకుండా చిన్న పుస్తకంగా వేశారు. దాని పేరుకు ‘నీటివాలున’ అని అర్థం. 1916లో జూలియన్ వోకాన్స్ యుద్ధభూమి కందకాలనే హైకూల్లోకి తెచ్చాడు.

ఇక్కడ నన్ను ఆపిన సంగతి ఒకటుంది. సముద్ర తీరాలున్న దేశంలో కూడా తొలి హైకూలు పుట్టింది ఊళ్ల మధ్య పారే కాలువ మీద. కళ్లెదుట ఉన్న నీరే వారికి చాలింది.

మన తెలుగులో హైకూకి పేరు తెచ్చిన ఇస్మాయిల్ గారు (1928–2003) కాకినాడలో పాఠాలు చెప్పిన కవి. ఆయన హైకూల పుస్తకం ‘కప్పల నిశ్శబ్దం’. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం ఆ ఊరికి దగ్గరే.

ఇదంతా చెప్పి అమ్మాయిని సువర్ణరేఖ ఒడ్డుకు తీసుకెళ్లాను. రాంచీ దగ్గర పుట్టిన ఈ నది మా ఊరు దాటి, బెంగాల్, ఒడిశాల మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. భీమిలి ముందున్నదీ అదే సముద్రం. “కనిపించింది రాయి, ముందు తెలుగులో” అన్నాను.

ఇక్కడే నాకొక బాధ ఉంది. దాని తెలుగు సగం హిందీ. నానమ్మతో ఫోను “బాగున్నావా?”, “బాగున్నాను” దగ్గరే ఆగిపోతుంది. ఆ సాయంత్రం మాత్రం తను రాసింది చదివి వినిపించింది. మొదటి పాదం “రేత్ లారీ”.

“రేతంటే ఏటమ్మా?” అంది మా అమ్మ.

“నది దగ్గర ఉంటుంది కదా నానమ్మా, ఇల్లు కట్టడానికి తీసుకెళ్తారు...”

“ఓసి పిచ్చిదానా, ఇసకే! మనింటి ముందంతా అదే కదే!”

అమ్మాయి ‘ఇసుక’ అని దిద్దుకుని వేళ్లు మడిచింది. మాత్రల లెక్క కష్టమని అక్షరాలే లెక్కపెట్టుకుంటోంది. తక్కువపడిన పాదం సరిగ్గా అయిదైంది.

ఇసుక లారీ
దారంతా నీటి బొట్లు
సముద్రం ఎటు?

ఋతువు జాడ లేదు. అయినా నేను దిద్దలేదు. ఆ రోజు ఫోను ఇరవై నిమిషాలు నడిచింది.

బదిలీల మీద ఊళ్లు తిరిగే మన ఇళ్లలో పిల్లలకు తెలుగు నేర్పడానికి తీరిక దొరకదంటాం. మూడు పాదాలకు ఎంత తీరిక కావాలి? ఈ ఆదివారం మీ ఊళ్లో ఉన్న నీటి దగ్గరకు, చెరువైనా, కాలువైనా, పిల్లల్ని తీసుకెళ్లండి. రాసింది ముందు అమ్మమ్మకో తాతయ్యకో చదివించండి. దిద్దే పని వాళ్లది.