పరిగెలా ఈదే ఈక గాలం

వానపాము తవ్వక్కర్లేదు, కప్పని గుచ్చక్కర్లేదు. రెండు కోడి ఈకలు, ఒక జరీ పోగు ఉంటే కొర్రమీను పట్టొచ్చు. అయితే ఎలా పట్టాలో తెలిస్తే సగమే తెలిసినట్టు. ఎప్పుడు పట్టకూడదో కూడా తెలియాలి.

వరి కోతలై, కుప్పలు కల్లానికి చేరాక రైతుకి సాయంత్రం పూట కాస్త తీరిక దొరుకుతుంది. ఉద్దానంలో చెరువు గట్ల మీద గాలాలు కనిపించేది అప్పుడే. వానపాము గుచ్చి, బెండు కట్టి, అది మునిగేదాకా కూర్చోవడం మనకి తెలిసిన పద్ధతి. అందులో చేప ఎర దగ్గరకి రావాలి. ఇప్పుడు చెప్పబోయే పద్ధతిలో ఎరే చేప ముందు నుంచి పారిపోతుంది. వేటాడే చేపకి పారిపోయేదాన్ని చూస్తే ఆగదు. కుక్క ముందు పరిగెత్తితే ఏమవుతుందో మీకు తెలుసు కదా, ఇదీ అంతే.

ఇది కొత్త విద్య కాదు

ఈకలు, వెంట్రుకలు గాలానికి కట్టి, చిన్న చేపలా కనిపించేట్టు చేసిన ఎరని విదేశాల్లో 'స్ట్రీమర్' అంటారు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో కేరీ స్టీవెన్స్ అనే ఆమె ఆడవాళ్ల టోపీలకి ఈకలు కుట్టే పని చేసేది. 1924 జూలై 1న ఆమె తన చేత్తో కట్టిన ఈక గాలంతో మూడు కిలోలు దాటిన ట్రౌట్ చేపని పట్టింది. ఆ తరవాత 'గ్రే గోస్ట్' అనే ఆమె ఈక గాలం చాలా దేశాల్లో పేరు తెచ్చుకుంది. చేతిలో ఉన్న పనినే ఆమె చేపల వేటకి వాడుకుంది. మన పెరట్లో కోడిపుంజు ఉంది, ఇంట్లో పాత జరీ చీర ఉంది. మనకి మాత్రం ఏం తక్కువ?

ఏ చేపకి పనికొస్తుంది?

శీలావతి, బొచ్చె లాంటి పెంపకం చేపలకి ఇది పనికిరాదు. అవి చిన్న చేపల్ని వెంటాడి తినే రకం కాదు. కొర్రమీను, వాలుగ అలా కాదు, పరిగెల్ని వేటాడి బతుకుతాయి. మంచినీటి చెరువుల్లో, బందల్లో, సోంపేట బీల లాంటి చిత్తడి నేలల్లో కొర్రమీను ఉంటుంది. నౌపడ ఉప్పుమళ్ల పక్క నుంచి భావనపాడు వైపు వెళ్లే ఉప్పుటేటి లాంటి చోట్ల పండుగప్ప మీద ఆశ పెట్టుకోవచ్చు.

ఈక కట్టే విధం

1. కాడ పొడవుగా ఉన్న గాలం తీసుకోండి. దాని ముల్లుని కటింగ్ ప్లేయర్‌తో నొక్కి చదును చేయండి. చేపని విడిపించడం తేలికవుతుంది. మీ వేలికి గుచ్చుకున్నా తొందరగా వస్తుంది.

2. గాలం కాడకి సన్నని సీసపు తీగని నాలుగైదు చుట్లు చుట్టండి. ఈకకి బరువు ఉండదు. ఈ బరువు లేకపోతే అది నీటి మీదే తేలుతుంది.

3. కుట్టుదారాన్ని కాడ పొడవునా చుట్టి, దాని మీద జరీ పోగు చుట్టండి. పరిగె పొట్ట మెరిసినట్టు ఇది మెరుస్తుంది.

4. పుంజు మెడ మీది పొడుగాటి ఈకలు రెండు తీసుకోండి. చెరో పక్కన ఒకటి ఆనించి, తల దగ్గర మాత్రమే గట్టిగా కట్టండి. ఈక గాలం కన్నా సగం పొడవు ఎక్కువ ఉంటే చాలు. మరీ పొడవైతే చేప తోకని కొరికి పోతుంది, గాలం నోట్లో పడదు.

5. తల మీద గోళ్ల రంగు రెండు పూతలు వేయండి. ఆరాక రెండు పక్కలా నల్ల చుక్క పెట్టండి. అదే కన్ను.

నీరు తేటగా ఉంటే తెల్ల ఈక, బూడిదరంగు ఈక. నీరు బురదగా ఉంటే నల్ల ఈక బాగా కనిపిస్తుంది. తడిపి చూడండి. ఈకలు ఒంటికి అంటుకుని సన్నని పరిగెలా కనబడితే సరిగా కట్టినట్టే.

కర్ర, దారం

విదేశాల్లో దీనికి బరువైన ప్రత్యేక దారం, చక్రం వాడతారు. మనకి అవి అక్కర్లేదు. పన్నెండు అడుగుల వెదురు గెడ, కొసన అంతే పొడవు నైలాన్ దారం కట్టుకుంటే సరిపోతుంది. కొర్రమీనుకి పళ్లుంటాయి, పైగా కట్టగానే తుంగలోకి దూరుతుంది. కాబట్టి దారం మరీ సన్నంగా ఉండకూడదు, 0.40 మిల్లీమీటర్లకి తగ్గొద్దు.

లాగే విధం

అసలు విద్యంతా ఇక్కడే ఉంది. ఈకని నీటిలో వేశాక రెండు లెక్కపెట్టండి, మునగనివ్వండి. తరవాత కర్ర కొసని జానెడు లాగి ఆగండి. మళ్లీ జానెడు లాగి ఆగండి. లాగినప్పుడు ఈకలు ముడుచుకుంటాయి, ఆగినప్పుడు విచ్చుకుంటాయి. దెబ్బతిన్న పరిగె ఈదలేక ఈదినట్టు ఉంటుంది. చాలాసార్లు చేప కొట్టేది ఆ ఆగినప్పుడే. అదేపనిగా ఒకే వేగంతో లాక్కొచ్చేస్తే వెనక వచ్చిన చేప కూడా తిరిగిపోతుంది.

పారే గెడ్డలో అయితే ఈకని అడ్డంగా, కొంచెం దిగువకి వేసి ప్రవాహానికి వదిలేయండి. అది విల్లులా వంపు తిరిగి మీ గట్టుకి వస్తుంది. అప్పుడు రెండు చిన్న లాగులు లాగండి.

ఒక్క తేడా బాగా గుర్తుంచుకోండి. కప్ప ఎరకి చేప పడితే మింగేదాకా ఆగుతాం. ఈకకి ఆగకూడదు. అది తిండి కాదని చేపకి వెంటనే తెలిసిపోతుంది, ఉమ్మేస్తుంది. తగిలిందనిపించగానే కర్ర ఎత్తాలి.

ఎక్కడ, ఎప్పుడు?

ఎండ ఎక్కకముందు, మళ్లీ పొద్దు వాలాక. తుంగ అంచు, తామరాకుల మధ్య ఖాళీ, మదుము దగ్గర నీరు కదిలే చోటు. కొర్రమీను గాలి పీల్చుకోడానికి పైకి వస్తుంది. 'బుడుక్'మని చప్పుడై వలయాలు లేచిన చోట వెంటనే వేయకండి. అవి సద్దుమణిగాక ఆ చోటికి మూడు నాలుగు అడుగుల అవతల వేసి, దాని పక్క నుంచి లాక్కురండి. ఉప్పుటేటిలో పాటు మొదలైనప్పుడు చిన్న కాలువల నోట నిలబడండి. నీటితో పాటు చిన్న చేపలు బయటికి వస్తాయి, పండుగప్ప అక్కడే కాపు కాస్తుంది.

ఎర్రపిల్లల గుంపు కనిపిస్తే

నా పదమూడో ఏట సంగతి. వానాకాలం, చెరువు నిండుగా ఉంది. ఒకచోట చినుకులు పడుతున్నట్టు నీళ్లు చిటపటలాడుతున్నాయి, వాన మాత్రం లేదు. చూస్తే ఎర్రటి పిల్లలు, వందల్లో. వాటి కింద నల్లగా పెద్ద కొర్రమీను. గాలం వేయగానే కొట్టింది. నేను గెంతులేశాను. గట్టు మీద గేదెల్ని కాస్తున్న తాత మాత్రం నవ్వలేదు. "చేపని పట్టావు, బాగుంది. రేపటి చేపల్ని ఎవులు కాస్తార్రా?" అన్నాడు. సాయంత్రానికి ఆ పిల్లల చోట కొంగలు వాలాయి. మర్నాడు నీరు చిటపటలాడలేదు.

కొర్రమీను జంటగా గుడ్లకి కాపలా ఉంటుంది, పిల్లలు పొదిగాక కొన్ని వారాలపాటు వాటిని వదలదు. పిల్లల దగ్గరకి ఏది వచ్చినా మీద పడుతుంది. అంటే అప్పుడు అది ఆకలితో కాదు, కాపలాకి కొడుతుంది. అందుకే ఆ రోజుల్లో దాన్ని పట్టడం చాలా తేలిక. అందుకే పట్టకూడదు కూడా. ఒక్క చేప కూరకి వస్తే, ఆ చెరువులో వచ్చే ఏటి కూర పోతుంది.

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేట ఆపుతారు. చేపలు గుడ్లు పెట్టుకోవాలనే. మన ఊరి చెరువుకి అలా విరామం ప్రకటించేవాళ్లు లేరు, అది మనమే పెట్టుకోవాలి. వానలు మొదలైన దగ్గర్నుంచి ఎర్రపిల్లలు పెద్దవై చెదిరిపోయేదాకా కొర్రమీను జోలికి పోవద్దు. పండుగప్ప విషయంలోనూ ఒక మాట. అది మొదట మగది, బాగా ఎదిగాక ఆడదవుతుంది. అంటే ఉప్పుటేటిలో మరీ పెద్దవన్నీ తల్లులే. మధ్యస్థంగా ఉన్నదాన్ని తెచ్చుకుని పెద్దదాన్ని వదిలేస్తే ఏటికి మేలు. వదిలేటప్పుడు చేతులు తడుపుకోండి, మొప్పల్లో వేళ్లు పెట్టకండి.

జాగ్రత్తలు

• చెరువు పంచాయతీదో, మత్స్యకారుల సొసైటీదో, పాడుకున్నవాళ్లదో ముందు కనుక్కుని, అడిగి గాలం వేయండి. వాళ్ల పొట్ట కొట్టకూడదు.

• పురుగుమందు కలిపి, మందుగుండు పేల్చి చేపలు పట్టడం 1897 నాటి మత్స్య చట్టం నుంచే నేరం. ఆ నీళ్లే మన పశువులు తాగుతాయి.

• తెగిన నైలాన్ దారం గట్టున పారేయకండి. తేలినీలాపురానికి వచ్చే పక్షులు మన చెరువుల్లోనే మేస్తాయి, కాళ్లకి చుట్టుకుంటే చచ్చిపోతాయి.

• గాలం గుచ్చుకుంటే ధనుర్వాతం సూది వేయించుకోండి. నొప్పి బిళ్లలు సొంతంగా కొని మింగకండి. అవి కిడ్నీలకి చెరుపు చేస్తాయని ఉద్దానంలో వేరే చెప్పక్కర్లేదు. తాగేనీళ్లు వెంట తీసుకెళ్లండి.

• తుంగలో కాలు పెట్టేముందు కర్రతో కొట్టి చూడండి. పాములూ అక్కడికి చేపల కోసమే వస్తాయి.

మొదటి రోజే చేప పడకపోవచ్చు. గట్టు పక్క లోతులేని నీటిలో ఈకని లాగుతూ అది ఎలా ఈదుతోందో మీరే చూడండి. పరిగె అని మీ కన్ను మోసపోయిన రోజున కొర్రమీనూ మోసపోతుంది. ఎర్రపిల్లలు కనిపించిన రోజున మాత్రం కర్ర భుజాన వేసుకుని ఇంటికి వచ్చేయండి. ఆ పూటకి ములక్కాడ పులుసుతో సరిపెట్టుకుందాం.