కొత్త ఊళ్లో మొదటి రోజు

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే ఇంట్లో ఏం జరుగుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అట్టపెట్టెలు, టీసీ, కొత్త క్వార్టర్స్, కొత్త తరగతిలో చివరి బెంచీ. మరి కొత్త ఊరితో స్నేహం ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ పాఠంలో ఒక అక్క వెంట నడిచి తెలుసుకుందాం. అక్క మనం ఊహించుకున్న మనిషి. ఆమె తిరిగే ఊరు మాత్రం నిజమైనదే.

అక్క కూడా మనలాగే బదిలీల ఇంట్లో పెరిగింది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఇంగ్లీషు. కాలేజీ చదువు పూర్తయ్యాక, డిసెంబరు చివర్లో, వీపున సంచీ తగిలించుకుని ఒంటరిగా చెన్నై సెంట్రల్ స్టేషన్లో దిగింది. తమిళం రాదు. ఊళ్లో తెలిసినవాళ్లు లేరు.

చెన్నైకే ఎందుకు వచ్చింది? అది సంగీత నగరం. యునెస్కో 2015లో వారణాసిని, 2017లో చెన్నైని, 2023లో గ్వాలియర్‌ని సంగీత నగరాలుగా గుర్తించింది. చెన్నైలో మార్గళి మాసం కచేరీల కాలం. తమిళుల మార్గళి మన ధనుర్మాసమే. అక్కడ సభ అంటే కచేరీలు ఏర్పాటు చేసే సంస్థ. 1927లో మద్రాసులో కాంగ్రెస్ మహాసభలతో పాటు ఒక సంగీత సమ్మేళనం జరిగింది. దాని ఫలితంగానే 1928లో మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది.

అక్క ముందుగా అమ్మకు ఫోన్ చేసింది. బరువైన సంచీని స్టేషన్ క్లోక్ రూమ్‌లో పెట్టింది. పార్క్ టౌన్ స్టేషన్లో లోకల్ రైలెక్కి తిరుమయిలైలో దిగింది. అదే మైలాపూరు. కపాలీశ్వర ఆలయ గోపురం, వాకిళ్లలో ముగ్గులు, గ్లాసూ డవరాలో ఫిల్టర్ కాఫీ. ముగ్గు చూడగానే అక్కకు సగం బెరుకు పోయింది.

మధ్యాహ్నం ఒక సభకు వెళ్లింది. మధ్యాహ్నం వేళ చాలా సభల్లో యువ కళాకారులు పాడతారు. వాటికి తరచు టికెట్ ఉండదు. అక్క వెనక వరుసలో నిలబడింది. ఒక పెద్దావిడ పక్క కుర్చీ చూపించి, "ఉక్కారుమ్మా" అంది. కూర్చోమని అర్థం. తమిళంలో అమ్మమ్మను, నానమ్మను "పాట్టి" అంటారు. అక్క ఆమెను అలాగే పిలిచింది.

వేదిక మధ్యలో గాయని, ఒక పక్క వయొలిన్, మరో పక్క మృదంగం, వెనక తంబురా. వీటిలో వయొలిన్ మన దేశపు వాద్యం కాదు. యూరప్ నుంచి వచ్చింది. సుమారు రెండు వందల ఏళ్ల కిందట బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతానికి అలవాటు చేశారు. అక్కడ నిలబడి వాయించే వాద్యాన్ని ఇక్కడ నేలమీద కూర్చుని, దాని కొసను పాదం దగ్గర ఆనించి వాయిస్తారు. ఇప్పుడు అది లేని గాత్ర కచేరీ అరుదు. విజయనగరం సంగీత కళాశాలలో పనిచేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ వాద్యంతోనే 1941లో సంగీత కళానిధి బిరుదు పొందారు. ఒక రకంగా వయొలిన్ కూడా మనలాగా బదిలీ మీద వచ్చిందే!

పాట్టి తొడమీద తాళం వేస్తోంది. అక్క చూసి నేర్చుకుంది. ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. మళ్లీ దెబ్బ, చెయ్యి తిప్పడం, దెబ్బ, తిప్పడం. మొత్తం ఎనిమిది. ఇదే ఆదితాళం.

గాయని త్యాగరాజు కృతి అందుకుంది. త్యాగరాజు (1767–1847) తిరువారూరులో పుట్టి తిరువైయారులో జీవించారు. ఆయన కృతుల్లో ఎక్కువ భాగం తెలుగులోనే ఉన్నాయి. పాట్టికి కృతి అంతా కంఠస్థం. అక్కకు అది మొదటిసారి వినడం. పాట అయ్యాక పాట్టి వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది: "నీది తెలుగు కదా, నెనరు అంటే ఏమిటి?"

అక్క తలదించుకుంది. ఇంట్లో రోజూ తెలుగే, కానీ ఆ మాట తెలియదు. తెలిసినట్టు నటించలేదు. "తెలియదు పాట్టీ, కనుక్కుని చెప్తాను" అంది. బయటికి వచ్చి అమ్మమ్మకు ఫోన్ చేసింది. "నెనరంటే ప్రేమేనే తల్లీ, ఆపేక్ష" అంది అమ్మమ్మ. అక్క లోపలికి పరిగెత్తి పాట్టికి చెప్పింది. ఎన్నో ఏళ్లుగా పాడుకుంటున్న మాటకు అర్థం తెలిసి పాట్టి ముఖం వెలిగిపోయింది. సాయంత్రం సభ క్యాంటీన్లో అక్కకు టిఫిన్ పెట్టించింది.

పొద్దున ఆ ఊళ్లో అక్కకు ఎవరూ లేరు. సాయంత్రానికి ఒక పాట్టి ఉంది. అక్క చేసింది పెద్ద పనేమీ కాదు. విన్నది, తెలియనిది తెలియదని చెప్పింది, కనుక్కుంది. మనమూ వచ్చే బదిలీలో అలాగే మొదలుపెడదాం.

చేసి చూద్దాం
1. ఆదితాళం ఎనిమిది లెక్కలూ వేసి, ఇంట్లో ఒకరికి నేర్పండి.
2. అమ్మమ్మనో తాతయ్యనో అడిగి, మీకు తెలియని ఐదు తెలుగు మాటలు అర్థాలతో రాయండి.
3. ఇప్పుడున్న ఊళ్లో మీరు మొదట నేర్చుకున్న మాట ఏది? ఎవరు నేర్పారు?