స్త్రీల హక్కుల ఒడంబడిక – అందు మన సమాజముల పాలు

ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 1979 డిసెంబరు 18వ తేదీన స్త్రీలపట్ల సర్వవిధములైన వివక్షను తొలగించుటకై ఒక ఒడంబడికను ఆమోదించినది. అనుకూలముగా 130 ఓట్లు పడినవి. ప్రతికూలముగా ఒక్కటియు పడలేదు. 1981 సెప్టెంబరు 3వ తేదీనుండి అది అమలులోనికి వచ్చినది. ముప్పది అధికరణములుగల ఈ పత్రమును మన కుటుంబములలో చదివినవారు అరుదు. ఎక్కడనో దూరదేశమున పెద్దలు వ్రాసికొన్న కాగితముతో మనకేమి పని యని అడుగువారును కలరు. వారి కొరకే ఈ పాఠము.

ఈ ప్రయత్నము 1979లో మొదలైనది కాదు. సమితి ఏర్పడిన మరుసటి సంవత్సరమే, అనగా 1946లోనే, స్త్రీల స్థితిగతులను విచారించు ప్రత్యేక సంఘము నెలకొల్పబడినది. 1948 డిసెంబరు 10న వెలువడిన విశ్వమానవ హక్కుల ప్రకటన విషయమున మన దేశపు మహిళ యొకరు చేసిన పని స్మరింపదగినది. ముసాయిదాలోని మొదటి అధికరణము ఆంగ్లమున పురుషులను సూచించు పదముతో ఆరంభమైనది. ఆ పదము స్త్రీలకును వర్తించునని కొందరు సమర్థించిరి. భారత ప్రతినిధి శ్రీమతి హంసా మెహతా అందుకు సమ్మతింపక, మానవులందరు అను అర్థమునిచ్చు పదమునే వాడవలెనని పట్టుబట్టిరి. తుదకు ఆ మార్పే నిలిచినది. మన తెలుగున ‘మనుష్యులు’ అన్నచో ఇరువురును చేరుదురు గనుక ఈ చిక్కు మనకు లేదని తోచవచ్చును. కాని ‘వారసులు’ అను మాటకు మన ఇండ్లలో ఎన్ని తరములు కుమారులనియే అర్థము చెప్పుకొనుచు వచ్చితిమో తలచుకొన్నచో, మాటలోని చిక్కు మనకును కొత్తది కాదని తెలియగలదు.

తరువాత 1975లో మెక్సికో నగరమున, 1980లో కోపెన్‌హాగెన్‌లో, 1985లో నైరోబీలో, 1995లో బీజింగులో ప్రపంచ మహిళా మహాసభలు జరిగినవి. వాని తీర్మానములు ఆశయములను ప్రకటించునవి. ఒడంబడిక అట్లు గాక, దానిని ధ్రువీకరించిన దేశమును అంతర్జాతీయ న్యాయము ననుసరించి కట్టివేయునది. ధ్రువీకరించిన ఏడాదిలోపల మొదటి నివేదికను, ఆపైన నాలుగేండ్ల కొకసారి తక్కిన నివేదికలను ప్రభుత్వము సమర్పింపవలెను. ఇరువది ముగ్గురు నిపుణులుగల సంఘము వానిని పరిశీలించి, ప్రభుత్వ ప్రతినిధులను ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నించును. ఆ సంఘమునకు పోలీసులు లేరు, చెరసాల లేదు. అట్లయిన ప్రయోజనమేమి?

ఒక్క ఉదాహరణము చాలును. రాజస్థానమున బాల్యవివాహమును ఆప యత్నించిన ఒక గ్రామసేవిక 1992లో ఘోరమైన అత్యాచారమునకు గురియైనది. ఆ సంఘటన దరిమిలా విశాఖ అను సంస్థయు, మరికొన్ని సంస్థలును సుప్రీంకోర్టుకు వెళ్లినవి. పనిచేయు చోట స్త్రీలను వేధించుటను నివారించు ప్రత్యేక చట్టము అప్పటికి మన దేశమున లేదు. న్యాయస్థానము 1997లో ఈ ఒడంబడికను ఆధారముగా గైకొని, చట్టము వచ్చువరకు పాటింపవలసిన నియమములను తానే విధించినది. చట్టము 2013లో గాని రాలేదు. ఆ పదునారేండ్లును దేశములోని కార్యాలయములలోని స్త్రీలకు రక్షణగా నిలిచినవి ఆ నియమములే.

ఇక మనకు ముఖ్యమైన విషయమునకు వచ్చెదము. భారతదేశము ఈ ఒడంబడికపై 1980 జూలై 30న సంతకము చేసి, 1993 జూలై 9న ధ్రువీకరించినది. అయితే ధ్రువీకరించునప్పుడు రెండు ప్రకటనలను జతచేసినది. ఆచారములలోను వివాహ కుటుంబ వ్యవహారములలోను సమానత్వమును గూర్చిన అధికరణములను, ఏ సమాజముయొక్క స్వవిషయములలోను ఆ సమాజపు చొరవయు సమ్మతియు లేక జోక్యము చేసికొనరాదను తన విధానమునకు లోబడి పాటింతునన్నది మొదటిది. వివాహముల నిర్బంధ నమోదు సూత్రరీత్యా తనకు సమ్మతమే గాని, పలు ఆచారములు, మతములు, అక్షరాస్యతా భేదములుగల విశాల దేశమున అది ఆచరణసాధ్యము కాదన్నది రెండవది.

మొదటి ప్రకటనను చదివినపుడు నా మనస్సు రెండు విధముల పోయినది. సమాజముల గౌరవమును కాపాడు మాట యని ఒకవైపు తోచినది. కాని సమాజపు సమ్మతి యనగా ఎవరి సమ్మతి? సంఘ సమావేశమున ముందు వరుసలో కూర్చుండు పెద్దలదా? లోపలి గదిలోనుండి వినుచున్న కోడండ్లదియు అందు చేరునా? ఈ ప్రశ్నకు ఆ ప్రకటనలో సమాధానము లేదు. చొరవ సమాజమునుండి రావలెనని ప్రభుత్వము లోకమునకు చెప్పియున్నది గనుక, చొరవ చూపని నేరము ఇక ప్రభుత్వముపై మాత్రమే వేయుటకు మనకు వీలులేదు. ఆ ప్రకటనలను ఉపసంహరించుకొనవలసినదని సమితి నిపుణుల సంఘము పలుమార్లు మన దేశమును కోరియున్నది.

రెండవ ప్రకటన సంగతి వేరు. అసాధ్యమనిన దానిని రాష్ట్రములే సాధ్యము చేసినవి. కర్ణాటకము అప్పటికే, 1976లోనే, వివాహ నమోదు చట్టము చేసియుండెను. ఆంధ్రప్రదేశ్ 2002లో నిర్బంధ నమోదు చట్టమును చేసినది. 2006 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు, ఏ మతమువారివైనను దేశ పౌరుల వివాహములన్నియు నమోదు కావలెనని రాష్ట్రములను ఆదేశించినది.

1955 నాటి హిందూ వివాహ చట్టము తన పరిధిలోనికి వచ్చువారిని చెప్పునపుడు వీరశైవులను, లింగాయతులను పేరుపెట్టి పేర్కొన్నది. ఆ చట్టము ప్రకారము నమోదు లేనంత మాత్రమున వివాహము చెల్లకపోదు. ఈ ఒక్క వాక్యమును పట్టుకొనియే మనవారు అశ్రద్ధ చేయుదురు. వివాహము చెల్లును, నిజమే. కాని దానిని రుజువు చేయవలసిన భారము ఎవరిపై పడును? భర్త మరణించి ఉద్యోగపు పింఛనుకై తిరుగు స్త్రీపై పడును. భర్త రెండవ పెండ్లి చేసికొని, మొదటిది జరుగనే లేదని బొంకినపుడు ఆ మొదటి భార్యపై పడును. పెండ్లినాటి ఛాయాచిత్రములు, ముద్రిత శుభలేఖ, ముసలివారైన సాక్షులు – వీనితో ఆమె న్యాయస్థానమున నిలువవలెను. నమోదు పత్రమున్నచో ఆ శ్రమలో అధికభాగము తప్పును. వధువు వయస్సు అందు వ్రాయవలసియుండుటచే పదునెనిమిదేండ్లు నిండని బాలిక పెండ్లియు దాగదు.

మఠములలోను కల్యాణమండపములలోను వివాహములు జరిపించు జంగమ పురోహితులకును, మఠాధికారులకును ఒక విన్నపము. మఠమువారిచ్చు వివాహపత్రము సాక్ష్యముగా పనికివచ్చును గాని, అది ప్రభుత్వ నమోదు కాదు. లగ్నపత్రిక వ్రాయు దినముననే ఇరువైపులవారిని వయోధ్రువపత్రములు తెమ్మని అడుగవచ్చును. మాంగల్యధారణ ముగిసి బంధువులు చెదరిపోకమునుపే నమోదు దరఖాస్తుపై సాక్షుల సంతకములు చేయించవచ్చును. పత్రము వచ్చిన పిదప దాని ప్రతి యొకటి వధువు పుట్టినింట ఉంచుట మేలు; అవసరము పడునాటికి మెట్టినింటి బీరువా తాళము ఆమె చేతిలో ఉండకపోవచ్చును.