లిపి వేరు, భాష వేరు : కంప్యూటరు పోర్టులు, కేబుళ్ళు

గత విద్యా సంవత్సరములో మన కళాశాల సెమినారు హాలులో జరిగిన ఒక చిన్న సంఘటన ఈ వ్యాసమునకు కారణము. బి.ఏ. ద్వితీయ సంవత్సరము విద్యార్థిని ఒకరు కుతుబ్ షాహీల కాలమునాటి పారశీక-తెలుగు ద్విభాషా ఫర్మానాలను గూర్చి ప్రసంగము సిద్ధము చేసికొన్నది. నలభై చిత్రములు సేకరించినది. ఇంట కంప్యూటరు లేదు గనుక బంధువుల లాప్‌టాప్‌ను ఒక్క రోజునకు అడిగి తెచ్చుకొన్నది. తీరా చూడగా హాలులోని ప్రొజెక్టరు పాతది. దానికి పదునైదు రంధ్రముల నీలిరంగు వీజీఏ పోర్టు మాత్రమే ఉన్నది. లాప్‌టాప్‌నకు ఉన్నది హెచ్‌డీఎంఐ. ఒక విద్యార్థి సైకిలుపై బజారుకు పోయి, ఒక కొన హెచ్‌డీఎంఐ, రెండవ కొన వీజీఏ గల కేబులును కొని తెచ్చినాడు. రెండు కొనలును చక్కగా అమరినవి. కాని గోడపై ‘సిగ్నల్ లేదు’ అను హెచ్చరిక తప్ప మరేమియు కనిపించలేదు. పాపము, ఆ అమ్మాయి నలభై చిత్రములను నోటితోనే వర్ణించి, కన్నీరు ఆపుకొనుచు కూర్చున్నది. మరునాడు ప్రొజెక్టరు చెడిపోయినదని రిజిస్టరులో వ్రాయబడినది. క్రొత్తది కొనవలెనను ప్రతిపాదన కమిటీ ముందుకు పోయినది.

నిజమునకు ప్రొజెక్టరు చెడలేదు. లాప్‌టాప్ చెడలేదు. కేబులులో తీగ తెగలేదు. మరి చిత్రము ఏల రాలేదు?

మేము తెలుగు బోధించువారము. యంత్రశాస్త్రము మా విషయము కాదు. అయినను ఆనాటి నుండి భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులను విసిగించి, చదువవలసినవి చదివి, తెలిసికొన్నంత మేరకు విద్యార్థుల ముందుంచుచున్నాము.

మొదట ‘పోర్టు’ అను మాట. కంప్యూటరు లోపలికి సమాచారము వచ్చుటకును, బయటికి పోవుటకును ఏర్పరచిన ద్వారమే పోర్టు. దీనిని కొందరు ‘రేవు’ అని తెలిగించుచున్నారు. మాట బాగుగనే ఉన్నది. మన మచిలీపట్నమును ‘బందరు’ అనుటలోని మాట పారశీకములో రేవునకు పేరు. ఉర్దూ చదివినవారికి ‘బందర్‌గాహ్’ తెలియనిది కాదు. అయినను ల్యాబులో అటెండరు మొదలు అధ్యాపకుల వరకు అందరును పోర్టు అనియే అనుచున్నారు గనుక మేమును అటులనే అందుము.

ఇక అసలు విషయము. మన కళాశాలలో కొందరు విద్యార్థులకు ఉర్దూ మాట్లాడుట వచ్చును గాని ఆ లిపి రాదు. వారు గజలునో నాతునో తెలుగు అక్షరములలో వ్రాసికొని వేదిక ఎక్కుదురు. ఆ కాగితమును చూచినవారు తెలుగనుకొందురు. నోరు తెరచిన పిమ్మట గాని ఉర్దూ అని తెలియదు. లిపి తెలుగు, భాష ఉర్దూ. కంప్యూటరు పోర్టులోను ఇట్టి రెండు విషయములు కలవు. మూతి ఆకారము, అందలి సూదులు, రంధ్రములు - ఇవి లిపి. ఆ తీగల గుండ పోవు విద్యుత్ సంకేతముల పద్ధతి - అది భాష. కేబులు పట్టినంత మాత్రమున సంభాషణ జరుగదు. లిపి కుదిరి భాష కుదరకపోవుటయే ఆనాడు సెమినారు హాలులో జరిగినది.

వీజీఏ పద్ధతిని ఐబీఎం సంస్థ 1987లో ప్రవేశపెట్టినది. ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగులకు మూడు వేరు వేరు తీగలు. ఒక్కొక్క బిందువు వద్ద ఆ రంగు ఎంత గాఢముగా ఉండవలెనో అంత వోల్టేజి ఆ తీగలో పోవును. సున్న అయిన చీకటి, 0.7 వోల్టు అయిన పూర్తి వెలుగు. నడుమ ఎన్ని అంతరములైనను ఉండవచ్చును. దీనిని అనలాగ్ పద్ధతి అందురు. సన్నాయి స్వరము ఒక శ్రుతి నుండి వేరొక శ్రుతికి జారినట్లు ఇది జారుచు పోవును. 2002లో వెలువడిన హెచ్‌డీఎంఐ అట్లు కాదు. అందు 19 సంపర్కములు కలవు. చిత్రమంతయు ఒకట్లు, సున్నలుగా మారి, అంకెల రూపమున అతివేగముగా ప్రయాణించును. ఇది డిజిటల్ పద్ధతి. అంకెలు చెప్పుచున్న లాప్‌టాప్‌నకు, స్వరము కొరకు చెవియొగ్గిన ప్రొజెక్టరునకు నడుమ వట్టి రాగితీగ వేసినందువలన ప్రయోజనమేమి?

ఇచ్చట దుబాసీ కావలెను. అంకెలను చదివి వోల్టేజిగా మార్చు చిన్న చిప్పు గల పరికరమే ఆ దుబాసీ. దీనిని హెచ్‌డీఎంఐ నుండి వీజీఏకు మార్చు కన్వర్టరు అని అడుగవలెను. ఉత్త కేబులు అని అడుగరాదు. దుబాసీకి కూలి ఈయవలెను గదా! ఈ పరికరమునకు విద్యుత్తు కావలెను. హెచ్‌డీఎంఐ లోని ఒక తీగలో 5 వోల్టుల విద్యుత్తు స్వల్పముగా లభించును. కొన్నిటికి అది చాలును, కొన్నిటికి చాలక వేరుగా యూఎస్‌బీ తీగ ఈయవలసి వచ్చును. మరియొక సంగతి. ఈ దుబాసీ ఒక దిక్కునకే అనువదించును. పాత కంప్యూటరు వీజీఏ నుండి క్రొత్త టెలివిజను హెచ్‌డీఎంఐకి పోవలెనన్న వేరొక కన్వర్టరు కొనవలసినదే. వీజీఏ ధ్వనిని మోయదు గనుక, మాటలు వినిపింపవలెనన్న చెవిలో పెట్టుకొను ఇయర్‌ఫోనునకు ఉండునట్టి 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గు గల తీగను వేరుగా స్పీకరునకు కలుపవలెను.

దీనికి విరుద్ధమైన ఉదాహరణమును కూడ చెప్పవలెను. కొన్ని పాత మానిటర్లకు డీవీఐ అను వెడల్పైన తెల్లని పోర్టు ఉండును. అందలి డిజిటల్ సంకేతములు, హెచ్‌డీఎంఐ సంకేతములు ఒకే పద్ధతివి. లిపి వేరైనను భాష ఒకటే. కావున ఈ రెండింటి నడుమ చిప్పు లేని సాధారణ కేబులు చాలును. చూపునకు దూరమైనవి చుట్టములు. చూపునకు దగ్గరైనవి పరాయివి!

పూర్వము ఇంత చిక్కు లేకుండెను. ముద్రణ యంత్రమునకు 25 రంధ్రముల ప్యారలల్ పోర్టు, మోడెమునకు 9 సూదుల సీరియల్ పోర్టు, కీబోర్డునకు ఊదారంగు గుండ్రని మూతి, మౌసునకు ఆకుపచ్చ మూతి. ఎవరి వాకిలి వారిది. కాని వాకిళ్ళు పెరిగి ఇల్లు ఇరుకైనది. ఈ ఇబ్బందిని తొలగించుటకే 1996లో యూఎస్‌బీ వెలువడినది. ఇంటెల్ సంస్థలో దీనికై పనిచేసిన ఇంజనీర్లలో ప్రముఖుడు అజయ్ భట్, బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయములో చదివినవాడు. మొదటి యూఎస్‌బీలో నాలుగే తీగలు: విద్యుత్తునకు రెండు, సమాచారమునకు రెండు. ఆ చదునైన మూతిని తలక్రిందులుగా పెట్టి విసుగు చెందనివారు మనలో ఎవరు? ఎటు పెట్టినను పట్టునట్లు చేసిన తీగలు, ఖర్చు పెరుగునని ఆనాడు అట్లు చేయలేదట.

ఎటు పెట్టినను పట్టు మూతి 2014లో టైప్-సి రూపమున వచ్చినది. ఇందు 24 సంపర్కములు కలవు. సెల్‌ఫోను, లాప్‌టాప్, హార్డ్‌డిస్కు అన్నిటికిని ఇదే మూతి. ఐరోపా సమాజము 2024 డిసెంబరు 28 నుండి తమ దేశములలో అమ్ముడగు క్రొత్త సెల్‌ఫోనులకు దీనిని తప్పనిసరి చేసినది. మంచి పనియే. అయితే మా అభిప్రాయములో నేటి విద్యార్థి అత్యధికముగా మోసపోవునది ఇచ్చటనే. పూర్వము లిపులు అనేకము గనుక జాగ్రత్త పడుచుంటిమి. ఇప్పుడు లిపి ఒకటే, భాషలు అనేకము.

ఆపిల్ సంస్థ 2023లో విడుదల చేసిన ఐఫోన్ 15, ఐఫోన్ 15 ప్రో - రెండింటికిని టైప్-సి మూతియే. మొదటిదానిలో సమాచార వేగము సెకనుకు 480 మెగాబిట్లు. రెండవదానిలో 10 గిగాబిట్లు. ఆ 480 అనునది 2000 సంవత్సరమునాటి యూఎస్‌బీ 2.0 వేగము. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక అది సెకనుకు 60 మెగాబైట్లు. 8 గిగాబైట్ల వీడియోను పంపుటకు లెక్క ప్రకారమే రెండు నిమిషములు దాటును; ఆచరణలో ఇంకను ఎక్కువ. ప్రో ఫోనుతో పెట్టెలో ఇచ్చిన కేబులు కూడ 480 వేగముదే యనిన, మూతిని చూచి నిర్ణయించుట ఎంత పొరపాటో తెలియగలదు.

వేగమే కాదు, విద్యుత్తు సంగతియు అంతే. టైప్-సి నుండి టైప్-సికి పోవు సాధారణ కేబులు 3 ఆంపియర్లను, అనగా 20 వోల్టుల వద్ద 60 వాట్లను మోయును. అంతకు మించి 100 వాట్లు గాని, 2021 నాటి ప్రమాణము ప్రకారము 240 వాట్లు గాని పోవలెనన్న, కేబులు కొనలో తన శక్తిని తెలియజేయు చిన్న చిప్పు ఉండవలెను. అది లేనిచో చార్జరు పెద్దదైనను అంత విద్యుత్తు ఈయదు. ‘చార్జరు పాడైనది’ అని తెచ్చిన వానిలో కొన్నిటికి కేబులు మార్చగా పని జరిగినట్లు ల్యాబులో కన్నులార చూచినాము.

చిత్రమును టైప్-సి గుండ పంపవచ్చునా? కొన్ని లాప్‌టాప్‌లలో పంపవచ్చును. కొన్నిటిలో ఆ పోర్టు చార్జింగునకు, ఫైళ్ళకు మాత్రమే. పోర్టు ప్రక్కన ఉండు గుర్తును చూడవలెను. మెరుపు బాణమున్న థండర్‌బోల్టు. చిత్రము కూడ పోవును. డి, పి అక్షరములు పెనవేసికొన్నట్లున్న అది డిస్‌ప్లేపోర్టు గుర్తు, అప్పుడును పోవును. ఏ గుర్తును లేనిచో ఆ మోడలు వివరములు చదువకుండ అడాప్టరు కొనరాదు. కొన్నవారి డబ్బు వృథా అగును.

కమిటీ పెద్దలకు ఒక మనవి. నెట్‌వర్కు కేబులులో ఎనిమిది తీగలు నాలుగు జంటలుగా మెలివేయబడి ఉండును. ఒక తీగ అలజడి వేరొక దానికి సోకకుండుటకు ఆ మెలిక. ఒక్క పరుగు 100 మీటర్లకు మించరాదు. బజారులో అగ్గువకు దొరకు కేబుళ్ళు కొన్ని అల్యూమినియముపై రాగిపూత పూసినవి. బ్లేడుతో గీకిన లోపల తెల్లని లోహము బయటపడును. కొనుటకు ముందు ఒక ముక్కను గీకి చూపుమని అడుగుట తప్పు కాదు.

ప్రొజెక్టరు కథ మిగిలినది. ప్రతిపాదన చర్చకు రాకమునుపే భౌతికశాస్త్ర మిత్రులొకరు 350 రూపాయలతో కన్వర్టరు తెప్పించినారు. గోడపై చిత్రము పడినది. రిజిస్టరులోని మాట కొట్టివేయబడినది. పది దినముల తరువాత ఆ విద్యార్థిని మరల లాప్‌టాప్ అడిగి తెచ్చుకొని నలభై ఫర్మానాలను చూపి, పారశీక భాగమును తానే చదివి, తెలుగు భాగమును మా చేత చదివించినది. ఆ కన్వర్టరు, ధ్వని తీగతో సహా, సెమినారు హాలు బీరువాలో రెండవ అరలో ఉన్నది. తాళము అటెండరు వద్ద దొరకును. తీసికొన్నవారు పుస్తకములో సంతకము చేయవలెను.