మైనాన్ని తినే సూక్ష్మజీవులు

చలికాలంలో బరంపురం ఇళ్లలో కొబ్బరినూనె సీసా తెల్లవారేసరికి గడ్డకట్టి ఉంటుంది. దానిని కాసేపు ఎండలో పెడితే నూనె కరిగి మళ్లీ ధారగా పడుతుంది. వందల కిలోమీటర్ల పొడవున్న గొట్టంలో నూనె ఇలాగే గడ్డకడితే ఏం చేయాలి? ఆ గొట్టాన్ని ఎండలో పెట్టడం ఎవరి తరం?

ముడిచమురు విషయంలో ఈ చిక్కు నిజంగానే ఉంది. ఒడిశా తీరంలోని పారాదీప్ వద్ద ఓడల నుండి ముడిచమురు గొట్టాల ద్వారా ఒడ్డుకు చేరుతుంది. అక్కడి నుండి హల్దియా, బరౌనీలకు కూడా గొట్టాలలోనే పోతుంది. పారాదీప్ నుండి బరంపురం మీదుగా హైదరాబాదు వైపు వేసిన గొట్టం వేరు. అది శుద్ధిచేసిన పెట్రోలు, డీజిలు వంటి వాటి కోసం వేసినది. మైనం బెడద ముడిచమురుకే ఎక్కువ.

ముడిచమురులో పారఫిన్ అనే మైనం కలిసి ఉంటుంది. కొవ్వొత్తులు చేసేది దీనితోనే. భూగర్భంలోని వేడికి అది కరిగి ఉంటుంది. పైకి వచ్చి చల్లబడగానే పలుకులు కట్టి గొట్టం లోపలి గోడలకు అంటుకొంటుంది. పొర మందమయ్యే కొద్దీ దారి ఇరుకవుతుంది. పంపులపై భారం పెరుగుతుంది. ప్రవాహం ఆగిపోతే గొట్టంలోని చమురు బిగుసుకుపోయే ప్రమాదం కూడా ఉంది.

అస్సాం ముడిచమురులో మైనం పాలు ఎక్కువ. అందుచేత 1960వ దశకంలో నహర్‌కటియా నుండి బరౌనీకి 1157 కి.మీ. గొట్టం వేసినప్పుడు, చమురును ముందు వేడిచేసి క్రమంగా చల్లార్చి పంపే ఏర్పాటు చేశారు. గొట్టం లోపలి మైనాన్ని గీకుతూ సాగే ‘పిగ్’ అనే సాధనాన్ని, కొన్ని రసాయనాలను కూడా వాడతారు. ఇవన్నీ ఖర్చుతో కూడిన పనులు.

శాస్త్రజ్ఞులు మరొక మార్గం కూడా వెదికారు. పాలను పెరుగుగా మార్చే సూక్ష్మజీవులు ఉన్నట్లే, మైనాన్ని ఆహారంగా తీసుకొనేవీ ప్రకృతిలో ఉన్నాయి. సూడోమోనాస్, బాసిల్లస్ జాతులలో కొన్ని ఇటువంటివి. పారఫిన్ అణువు కర్బన పరమాణువుల పొడవాటి గొలుసు. ఈ జీవులు తమ ఎంజైములతో ఆ గొలుసును విడగొడతాయి. కొన్ని సబ్బు వంటి పదార్థాన్ని కూడా తయారుచేసి, మైనం పట్టును సడలిస్తాయి. మన దేశంలో ఓ.ఎన్.జి.సి., టెరి సంస్థలు ఈ పద్ధతిని చమురు బావుల గొట్టాలలో ప్రవేశపెట్టాయి. 2007లో ఆ రెండూ కలిసి ఇందుకోసం ఒక ఉమ్మడి సంస్థను నెలకొల్పాయి.

అయితే ఇది మంత్రం కాదు. పెరుగు తోడుకోవడానికి గోరువెచ్చదనం, వ్యవధి కావాలి. ఈ జీవులకూ తగిన వేడి, నీరు, పోషకాలు, వ్యవధి అవసరం. బావిలో వాటికి వ్యవధి ఇవ్వవచ్చు. నిత్యం పరుగెత్తే పొడవాటి గొట్టంలో అది కష్టం. పైగా సల్ఫేటుపై బ్రతికే మరికొన్ని సూక్ష్మజీవులు ఉక్కునే తినివేస్తాయి. అందువల్ల ఏ జీవిని, ఎక్కడ, ఎంతకాలం ఉంచాలో ముందుగా పరీక్షించి తెలుసుకోవాలి. తోడు మంచిదైతేనే పెరుగు కమ్మగా ఉంటుంది.

ప్రశ్నలు

1. ముడిచమురు గొట్టంలో మైనం ఎందుకు పేరుకొంటుంది?
2. సూక్ష్మజీవులు మైనంపై ఏ విధంగా పనిచేస్తాయి?
3. “ఇది మంత్రం కాదు” అనడంలోని భావాన్ని వివరించండి.