దక్షిణమునకు పోవు డేగలు

పాఠ్యభాగములు: యోబు 39:26–30, లేవీయకాండము 11:13–19, ద్వితీయోపదేశకాండము 22:6, 7



వానలు వెనుకబట్టి నల్లరేగడిలో శనగ విత్తు దినములలో మన చేలమీద ఒక క్రొత్త పక్షి కనబడును. ఏడాది పొడుగున ఊరిమీద తిరుగు గద్ద కాదది. ఊరి గద్దకు తోక చీలియుండును. దాని కన్ను ఎప్పుడును కోడిపిల్లలమీదనే. ఈ క్రొత్తది సన్నని పొడుగు రెక్కలు, పొడుగు తోక గలది. పైరుపైన మనిషియెత్తున, రెక్కలు కొంచెము పైకెత్తి పట్టుకొని, గాలికి అటు ఇటు ఒరుగుచు తేలిపోవును. దీనిని పిల్లిగద్ద అందురు. మగదానిది బూడిదవన్నె, ఆడదానిది మట్టివన్నె, తోక మొదట తెల్లని పట్టీ. ఎండలు ముదిరిన తరువాత వెదకినను కనబడదు. ఎక్కడినుండి వచ్చినది, ఎక్కడికి పోయినది అని అడుగువారు మనలో తక్కువ.

యోబును దేవుడు అడిగిన ప్రశ్నలలో ఇది ఒకటి. డేగ దక్షిణ దిక్కునకు సాగిపోవుట ఎవరి తెలివివలన జరుగుచున్నదని అక్కడి భావము. మేము సెమినరీలో చదువుకొన్న కాలమున ఈ మాటను పద్యమునకు అలంకారముగా భావించి దాటిపోయితిమి. తరువాత తెలిసినదేమనగా, ఆ దేశములో నివసించువానికి అది కంటితో చూచిన సంగతియే. పెద్ద గద్దలు ఊరక రెక్కలాడించి అలసిపోవు. ఎండకు కాగిన నేలనుండి వేడిగాలి పైకి లేచును గదా, దానిలో గుండ్రముగా తిరుగుచు మేడయెక్కినట్లు పైకెక్కి, అక్కడనుండి జారుచు ముందుకు పోవును. మరల వేడిగాలి దొరికినచోట మరల ఎక్కును. సముద్రముమీద అట్టి గాలి సరిగా లేవదు గనుక ఐరోపానుండి ఆఫ్రికాకు పోవు గద్దలలో అనేకము మధ్యధరా సముద్రమును చుట్టి, ఇశ్రాయేలు దేశముమీదుగా లక్షలకొలది సాగును. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో నేటికిని కొండలపై కూర్చుండి వాటిని లెక్కించువారు అక్కడ ఉన్నారు. మన చేలకు వచ్చు పిల్లిగద్దలు కజకస్తాను మొదలగు మధ్య ఆసియా పచ్చికబయళ్లలో గూళ్లు పెట్టుకొని, చలికి ముందు మనవైపు వచ్చునవి.

అయితే అన్ని డేగలును సముద్రమునకు జడియవు. అమూరు డేగ అను చిన్న పక్షి యున్నది. దాని బరువు ఇంచుమించు మూడు కోడిగ్రుడ్లంత. సైబీరియా తూర్పుభాగము, ఉత్తర చైనా ప్రాంతములలో పిల్లలను చేసి, చలికాలమునకు దక్షిణ ఆఫ్రికా చేరును. దారిలో అక్టోబరు నడుమ నాగాలాండు రాష్ట్రములోని వోఖా జిల్లాలో దోయాంగు జలాశయము ఒడ్డున లక్షలుగా దిగి, నవంబరులో బయలుదేరిపోవును. ఆ కొన్ని వారములు దానికి ముఖ్యము. ఆ దినములలో పుట్టలనుండి ఉసిళ్లు లేచును. ఉసిళ్లు తిని అది క్రొవ్వు పట్టించుకొనును. ఆ క్రొవ్వుతోనే అరేబియా సముద్రమును దాటవలెను. నడుమ వ్రాలుటకు చెట్టు లేదు, రాయి లేదు.

ఆ ఒడ్డుననే పాంగ్టీ, ఆశా, సుంగ్రో అను గ్రామములున్నవి. అక్కడివారు లోథా నాగాలు. ఎక్కువమంది బాప్తిస్టు సంఘములవారు. నెల్లూరు, ఒంగోలులలో మన పెద్దలకు సువార్త చెప్పిన అమెరికను బాప్తిస్టు మిషనువారే నాగా కొండలకును వెళ్లిరి గనుక వారు మనకు దూరపువారు కారు. దోయాంగు ఆనకట్ట కట్టినప్పుడు వారి సాగుభూములు కొన్ని నీళ్లలో మునిగినవి. నీళ్లు వచ్చిన తరువాత చేపల వలలు వచ్చినవి. డేగలు అక్కడ గుంపులుగా దిగసాగినప్పుడు ఆ వలలనే పొడుగు గడలకు కట్టి, చెట్ల నడుమ అవి నిద్రకు వచ్చు దారిలో నిలిపిరి. 2012లో ఆ స్థలమును చూచిన కొందరు ప్రకృతి పరిశీలకులు దినమునకు పండ్రెండు వేలనుండి పదునాలుగు వేల పక్షులు పట్టుబడుచున్నవని, ఆ ఒక్క కాలములోనే లక్షా ఇరువది వేలకు తక్కువ గాకుండ చచ్చెనని అంచనా కట్టి, చిత్రములతో లోకమునకు తెలిపిరి.

ఇక్కడ ఒక మాట. వారు డేగను తినుటవలన పాపము చేసిరని మేము చెప్పము. లేవీయకాండము డేగను, గద్దను తినకూడని వాటిలో చేర్చినమాట నిజమే గాని, ఆహార నియమము విషయములో క్రొత్త నిబంధన సంఘమునకు స్వాతంత్ర్యమున్నదని మనమందరము ఎరుగుదుము. మాంసము తినువారు మాంసము తినువారిని తప్పుపట్టుటకు నోరు చాలదు. చూడవలసినది ద్వితీయోపదేశకాండములోని ఆ చిన్న ఆజ్ఞ: గూటిలోని పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెను. తినుటను అది నిషేధింపలేదు, విత్తనము మిగల్చుమనుచున్నది. దోయాంగు వలలో తల్లి, పిల్ల అను భేదము లేదు. ఆ సంవత్సరపు పిల్లలును, వాటిని కన్నవియు ఒకే రాత్రి ఒకే త్రాటికి వ్రేలాడినవి.

తరువాత జరిగినది త్వరగా జరిగినది. 2013లో గ్రామసభలు వలలను నిషేధించినవి, అటవీశాఖతో ఒడంబడిక చేసికొన్నవి; సంఘ కాపరులు, పెద్దలు ఆ సంగతి ఆరాధనలో చెప్పిరి; బడిపిల్లలకు క్లబ్బులు పెట్టి నేర్పిరి. ఆ సంవత్సరము వల వేయబడలేదు. ఆ నవంబరులోనే మూడు పక్షులకు ఐదు గ్రాముల చిన్న యంత్రము వీపున కట్టి విడిచిరి. వాటికి నాగా, పాంగ్టీ, వోఖా అని పేర్లు. ఈ డేగలు బంగాళాఖాతమువైపునుండి వచ్చి, మన దక్షిణ దేశమును అడ్డముగా దాటి, అరేబియా సముద్రముమీదుగా, ఐదారు దినములు ఎక్కడను వ్రాలకుండ ఎగిరి ఆఫ్రికా తీరము చేరునని ఆ యంత్రములవలన తెలిసినది. రాత్రివేళ మనము నిద్రపోవుచుండగా ఆ ప్రయాణికులు మన ఇండ్లమీదుగా పోయియుండవచ్చును.

వల విడిచినవాని కుండలో ఏమి ఉడుకును? ఈ ప్రశ్నకు జవాబు లేక ఏ ఉపదేశమును నిలువదు. పాంగ్టీలో వల వేసినవారు కొందరు దారిచూపువారైరి. డేగ ఏ చెట్టున నిద్రించునో, ఏ గాలికి లేచునో వారికంటె ఎరిగినవారెవరు? తెల్లవారకముందే వచ్చినవారిని ఎత్తైన మంచెలయొద్దకు తీసికొనిపోయి, తెల్లవారగానే ఆకాశము నల్లబడునట్లు లేచు పక్షులను చూపుదురు. ఇండ్లలో అతిథులకు పడకయు భోజనమును ఇచ్చి కొంత తీసికొందురు. అయితే ఆ పక్షులుండునది కొన్ని వారములే గనుక ఆ రాబడి ఏడాదికి చాలునని మేము చెప్పజాలము. వారు విడిచినది ఎక్కువ, వారికి వచ్చినది తక్కువ అని మా అభిప్రాయము.

ఈ సంగతి మేము ఒక ఆదివారము చెప్పినప్పుడు మా సంఘములో ఒక సహోదరుడు తల వంచుకొని కూర్చుండెను. ఆయన పిట్టలవల వేయువాడు. కౌజులు, పూరేడుపిట్టలు పట్టి సంతలో అమ్మును. 1972 నాటి వన్యప్రాణి చట్టము దానిని ఒప్పదు. ఆ మాట ఆయనకు తెలియును, కొనువారికిని తెలియును. ఆరాధన ముగిసిన తరువాత చావిడిలో నిలిచి, “అయ్యగారూ, మీకు నెలజీతం సంఘం ఇస్తుంది. వల అటకమీద పెడితే మాకెవరిస్తారు?” అని అడిగెను. కోపముతో అడుగలేదు గనుకనే ఆ మాట మాకు గ్రుచ్చుకొనెను. వెంటనే జవాబు చెప్పలేకపోయితిమి.

ఆ శనివారమే సండే స్కూలు పిల్లలను పిల్లిగద్దలు చూచుటకు తీసికొనిపోయితిమి. ముప్పదిమందికి పైగా, ఒక ట్రాక్టరు నిండ. తెల్లని బట్టలు వేసికొని, దారిపొడుగున కీర్తనలు పాడుకొనుచు పోయితిమి. బీడు చేరునప్పటికి ప్రొద్దు వాలుచుండెను. పిల్లిగద్దలు చెట్లమీద గాక నేలమీద, మోకాలెత్తు గడ్డిలో, గుంపుగా పండుకొను స్వభావముగలవి. నాలుగైదు వచ్చి, మాపైన ఒకసారి తిరిగి, దిగక కొండవైపు పోయెను. పిల్లలు మట్టిగడ్డలు విసరి ఆడుకొనిరి. మేము ఉట్టిచేతులతో తిరిగివచ్చితిమి. ఇది వినిన ఆ సహోదరుడు నవ్వి, “వలవేసేవాడు పాటలు పాడుతూ పోతాడా అయ్యగారూ?” అనెను.

ఆ నవ్వులోనే మాకు జవాబు కొంత దొరికెను. వచ్చేవారము దారి చూపుమని ఆయననే వేడుకొంటిమి. యౌవనుల కానుకపెట్టెనుండి ఒక దినపు కూలి ఇచ్చుటకు పెద్దలు ఒప్పుకొనిరి. ఒక్కరు మాత్రము పిట్టలు చూపుటకు కూలియేమిటని గొణిగిరి. ఈసారి తొమ్మిదిమందిమే. ఆయన చెప్పినట్లు మట్టివన్నె, ఆకుపచ్చవన్నె బట్టలు కట్టుకొంటిమి. గంటన్నర ప్రొద్దుండగానే చేరి, పడమటి సూర్యుడు వీపున ఉండునట్లు గట్టువెనుక కూర్చుంటిమి. పక్షులు దిగు గడ్డికి రెండు వందల అడుగులు వేయునంత దూరము విడిచిపెట్టవలెనని ఆయన ఆజ్ఞ. బీడీ లేదు, మాట లేదు, వెంట కుక్క లేదు. చూచుటకు ఒకే దుర్భిణి. వంతులవారీగా చేతులు మారెను.

మొదట ఒకటి వచ్చి గడ్డిమీద తిరుగుచుండెను. “అది కాపరి. అది దిగితేగాని తక్కినవి దిగవు,” అని ఆయన గుసగుసలాడెను. ఏ పుస్తకములోనైనను ఇది వ్రాయబడియున్నదో లేదో గాని, ఆ సాయంకాలము మాత్రము ఆయన చెప్పినట్లే జరిగెను. అది దిగిన తరువాత ఒకటొకటిగా, తరువాత రెండు మూడుగా నాలుగు దిక్కులనుండి వచ్చినవి. లెక్క వ్రాయుటకు ఒక పిల్లను కూర్చుండబెట్టితిమి. పైకి లేచి మరల దిగినదానిని రెండవసారి లెక్కింపకుండుట కష్టము గనుక దిగినవాటికే గీత గీయుమని ఆయన నేర్పెను. చీకటి పడునప్పటికి ఇరువది మూడు గీతలు. అన్నియు దిగి సద్దుమణిగిన తరువాతనే, వంగి, వచ్చిన దారినే మెల్లగా వెనుకకు నడచితిమి. ఆ గడ్డిని కాల్చినను, దున్నినను మరుసటి యేడు అవి ఎక్కడ పండుకొనునో ఆయన చెప్పలేదు, మేము అడుగలేదు.

తిరిగివచ్చునప్పుడు ఒక రైతు సహోదరుడు ఇవి శనగకు చెడుపు చేయునా అని అడిగెను. పిల్లిగద్దకు మనదేశములో ముఖ్యమైన ఆహారము మిడతలు. ఎలుకలను, చిన్నపిట్టలను కూడ పట్టును. గింజ ముట్టదు. పురుగుమందు త్రాగిన మిడతను తిని దానికే కీడు కలుగు భయమున్నది.

నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు పచ్చికబయలు ఇట్టి పిల్లిగద్దలకు పేరుపొందిన చోటు. 1988లో బట్టమేకపిట్ట కొరకు దానిని అభయారణ్యముగా ఏర్పరచిరి. అక్కడికి పోదలచువారు అటవీశాఖవారి అనుమతి తీసికొని, అక్కడి కావలివానితోనే లోపలికి పోవలెను. సొంత తెలివితో గడ్డిలోనికి దిగినయెడల మా ట్రాక్టరు గతియే పట్టును.

మా సహోదరుని వల ఇంకను చూరుక్రింద వ్రేలాడుచున్నది. ఈ రెండు నెలలలో నాలుగుసార్లు దారిచూపి కూలి తీసికొనెను. రెండుసార్లు సంతకును పోయెను. మేము రెండును ఎరుగుదుము. గొణిగిన పెద్ద ఇప్పుడు తన మనుమని పేరు వ్రాయించెను.

ఈ నెల రెండవ శనివారము మధ్యాహ్నము మూడున్నరకు గుడి ముంగిటినుండి మరల బయలుదేరుదుము. పదిమందికి మించి తీసికొనిపోము. ముందుగా పేరిచ్చినవారు మట్టివన్నె బట్టలు కట్టుకొని, త్రాగుటకు నీళ్లు తెచ్చుకొని రావలెను. కీర్తనలు తిరిగివచ్చునప్పుడు పాడుకొందము.