పాలపీక ధార – పసిబిడ్డ శ్వాస

పాలు త్రాగే బిడ్డకు పొలమారితే "ఎవరో తలచుకొన్నారు" అంటూ నెత్తిమీద మెల్లగా తట్టడం మన ఇళ్ళలో పరిపాటి. తలచుకొన్నవారి మాట ఎట్లున్నా, సీసాపాలు త్రాగే బిడ్డకు మాటిమాటికీ పొలమారుతున్నదంటే ముందుగా పరిశీలించవలసినది సీసా మూతికున్న పీకను. కళాశాల వార్షిక సంచికలో పాలపీకను గురించిన వ్యాసమేమిటని కొందరికి సందేహం కలుగవచ్చును. మన విద్యార్థినులలో ఎందరో ఇంటికి పోగానే అక్క బిడ్డనో అన్న బిడ్డనో ఒడిలోనికి తీసికొని సీసా పట్టేవారే. పీక కొని తెమ్మని అంగడికి పంపేది మన విద్యార్థులనే, "ఏ నెంబరు?" అని అంగడివాడు అడిగితే తెల్లబోయేదీ వారే. అందుచేత ఈ ప్రస్తావన అప్రస్తుతం కాదనుకొంటాను.

ఒక మాట మొదటనే చెప్పవలసి ఉన్నది. ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలు చాలుననీ, నీరు కూడ అవసరం లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. మన దేశంలో 1992లో చేసిన చట్టం డబ్బాపాలకూ, పాలసీసాలకూ ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. ఐనప్పటికీ ఉద్యోగం వల్లనో, అనారోగ్యం వల్లనో సీసా తప్పని ఇళ్ళు ఉన్నవి. మాది అట్టి ఇల్లు.

చప్పరించడం, మ్రింగడం, శ్వాసించడం – ఈ మూడింటినీ పసిబిడ్డ ఒక లయలో నడుపుకోవలసి ఉంటుంది. తల్లి గర్భంలో సుమారు 34 వారాలు గడిచేనాటికి గాని ఈ లయ కుదురుకొనదు. నెలలు నిండక పుట్టిన బిడ్డలకు పాలు త్రాగడం కష్టం కావడానికి ఇదొక కారణం. పసిబిడ్డలు మ్రింగుతూనే ఊపిరి పీల్చగలరన్న నమ్మకం చాలకాలం ఉండేది. అది నిజం కాదు. మ్రింగిన ప్రతిసారి ఊపిరి క్షణకాలం ఆగుతుంది. పాలు వేగంగా వచ్చి నోటిలో పడితే బిడ్డ వెంటవెంటనే మ్రింగవలసి వస్తుంది. ఊపిరికి వ్యవధి చిక్కదు. తల్లి రొమ్ము వద్ద బిడ్డ చప్పరింపు ఆపితే ధార చాలవరకు తగ్గిపోతుంది. తలక్రిందులుగా పట్టిన సీసాకు ఆ విచక్షణ లేదు. బిడ్డ ఆగినా అది ఆగదు.

ఇక అంగడిలోని నెంబర్ల సంగతి. పీకల మీద 0, 1, 2, 3 అనియో, "నిదానం, మధ్యమం, వేగం" అనియో, ఇన్ని నెలల బిడ్డకు ఇది అనియో ముద్రిస్తారు. వీటికి కంపెనీలన్నింటికీ సమానమైన కొలత ఏదీ లేదు. ఒక కంపెనీవారి "నిదానం" మరొక కంపెనీవారి "మధ్యమం" కంటె వేగంగా ఉండవచ్చును. ఏడో నెంబరు చెప్పు ఒక కంపెనీది సరిపోయి, మరొక కంపెనీది కరవడం లేదా? ఇదీ అంతే. కనుక నెంబరు వట్టి ఊహకు ఆధారం మాత్రమే.

నా అనుభవమొకటి చెప్పుతాను. ప్రసూతి సెలవు ముగించుకొని నేను తిరిగి పాఠాలు చెప్పడానికి వచ్చేనాటికి మా బాబుకు నాలుగో నెల నడుస్తున్నది. నేను పిండి ఉంచిన పాలను మా అత్తగారు సీసాతో పట్టేవారు. (ఉద్యోగినులైన తల్లులకు తలుపున్న చిన్న గది ఒకటి కేటాయిస్తే ఎంత మేలో కళాశాల పెద్దలు ఆలోచింతురు గాక!) సీసా ముగియడానికి ముప్పావుగంట పట్టేది. బిడ్డ కాసేపు లాగి, విసిగి, పీకను వదలి ఏడ్చేవాడు. "రంధ్రం చిన్నది బేటీ, సూది కాల్చి గుచ్చితే సరి. అందరూ చేసేదే" అన్నారు అత్తగారు. మూడు నెలలు దాటితే తరువాతి నెంబరు వాడవలెనని పెట్టెమీద కూడ వ్రాసి ఉన్నందున నేనూ తల ఊపాను. ఆ సాయంకాలమే పాలు ధారకట్టి, బిడ్డ దగ్గుతో ఉక్కిరిబిక్కిరయ్యాడు. ముక్కులోనుండి పాలు వచ్చినవి. పెదవుల చుట్టూ రంగు మారింది. నిటారుగా కూర్చుండబెట్టి ముందుకు వంచిన తరువాత తేరుకొన్నాడు. అటుపిమ్మట రెండు దినాలు సీసా కనబడితేనే ముఖం త్రిప్పుకొని ఏడ్చాడు.

పిల్లల వైద్యురాలు మందేమీ వ్రాయలేదు. మునుపటి రకం పీకనే కొత్తది తగిలించి, ఇంట్లో పట్టినట్లే తమ ఎదుట పట్టమన్నారు. కొంతసేపు చూచి, సీసా మెడకున్న మరమూతను పావు చుట్టు వదులు చేశారు. అంతే! సీసాలో బుడగలు పైకి లేచినవి. ఇరవై నిమిషాలలో బిడ్డ త్రాగడం ముగించాడు. పాలు వెళ్ళినకొద్దీ సీసాలోనికి గాలి చేరవలెను. మూత మరీ బిగిస్తే గాలికి దారి ఉండదు. పీక లోనికి అణగిపోతుంది, పాలు రావు. మేము నిందించిన రంధ్రంలో దోషమే లేదు. డబ్బాపాలు వాడే ఇళ్ళలో కరగని పొడి గడ్డలు అడ్డుపడడం కూడ కద్దు. ఈ రెండూ చూడకుండ పీకను మార్చరాదు. ఇక సూదితోనో బ్లేడుతోనో రంధ్రాన్ని పెంచడం ఎన్నడూ చేయరాదు. అది ఎంత పెరిగినదో మన కంటికి తెలియదు. చిరిగిన అంచునుండి తునక ఊడి బిడ్డ గొంతులో పడే ప్రమాదమూ ఉన్నది.

ధార తగినదో కాదో బిడ్డ ముఖమే చెప్పుతుంది. వేగం ఎక్కువైతే నోటి మూలలనుండి పాలు కారుతవి, కనుబొమలు పైకి లేస్తవి, ముక్కుపుటాలు అదురుతవి, చేతివ్రేళ్ళు విచ్చుకొంటవి, తల ప్రక్కకు తిరుగుతుంది. గుటగుటమని మ్రింగుతుంటే "ఎంత ఆకలిగా ఉన్నాడో పాపం!" అని మనం ముచ్చటపడతాము. చాలమార్లు అది ఆకలి కాదు, మునిగిపోకుండ ఈదే ప్రయత్నం. ధార మరీ నిదానమైతే బిడ్డ ఎన్నోసార్లు చప్పరించి ఒక్కసారి మ్రింగుతుంది, అరగంట దాటినా ముగించదు, కడుపు నిండకముందే అలసి నిద్రపోతుంది. సీసాను వంచినప్పుడు పాలు బొట్లుబొట్లుగా రావలెను గాని ధారకట్టరాదు. మొదట అన్నిటికంటె నిదానమైన పీకతోనే ఆరంభించడం మేలు. దానితో బిడ్డ సుఖంగా త్రాగి పెరుగుతున్నంతకాలం, నెలలు నిండినవని నెంబరు పెంచవలసిన పని లేదు. రొమ్ముపాలు కూడ త్రాగే బిడ్డలకు ఇది మరీ వర్తిస్తుంది. నెలలు నిండక పుట్టినవారికి, గుండెజబ్బు గాని అంగిలి చీలిక గాని ఉన్నవారికి మాత్రం పీకను నిర్ణయించవలసినది వైద్యులే. పాలు త్రాగేటప్పుడు పెదవులు నీలమైనా, విపరీతంగా చెమట పట్టినా ఆలస్యం చేయకుండ వైద్యులకు చూపవలెను.

పట్టే తీరు కూడ ధారను మారుస్తుంది. బిడ్డను వెల్లకిల పరుండబెట్టక, తల ఎత్తుగా ఉండేటట్లు ఒడిలో ఆనించుకొని, సీసాను దాదాపు అడ్డంగా పట్టవలెను. పీకలో పాలు నిలిచేటంత వంపు చాలును. దిండుకు సీసాను ఆనించి తమ పనికి పోవడం మహాపరాధం.

ఉగ్గుపాలతో నేర్చిన విద్య అని మనం తరచు అంటుంటాము గాని ఆ ఉగ్గుగిన్నెను మరచిపోయినాము. ముక్కు కలిగిన ఆ చిన్న గిన్నెవంటి పాత్రతోనే నేటికీ ఆసుపత్రులలో నెలలు నిండని బిడ్డలకు పాలు పట్టడం కలదు. వైద్యురాలి వద్దనుండి వచ్చిన రాత్రి మా అత్తగారు చాలసేపు మాటాడలేదు. తరువాత అన్నారు: "మీ ఆయనకు నేను ఉగ్గుగిన్నెతోనే పట్టాను బేటీ. వాడు మ్రింగేదాకా చెయ్యి ఆపేదాన్ని. సీసాకు చెయ్యి ఆపడం తెలియదు కదా!" మరునాటినుండి ఆమె నాలుగైదు గుటకలకొకసారి సీసాను క్రిందికి దించి, మనుమని ముఖంలోనికి చూచి, వాడు మళ్ళీ నోరు తెరిచిన తరువాతనే అందించసాగారు.